బ్యాక్‌స్పేస్ ఎంత తింటుంది

నా భార్య నాకు మేనమామ కూతురు. వాళ్లమ్మా నాన్నా కూడా మేనరికమే. మా ఇళ్లలో అది గొప్పగా చెప్పుకునే సంగతి. పిల్ల బయటికి పోదు, పొలం బయటికి పోదు, మాట బయటికి పోదు అంటారు. కంటి డాక్టర్ ఆమె కళ్లలోకి లైటు వేసి చూసి మొదట అడిగింది అదే.

"మేనరికమా?"

అవునన్నాను. అంతకు ముందు తరం కూడానా అన్నాడు. దానికీ అవునన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. చిన్నప్పటి నుంచి రేచీకటి అని ఇంట్లో అందరూ తేలిగ్గా తీసుకున్నది రేచీకటితో ఆగేది కాదని, చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందని, కొన్నాళ్లు మధ్యలో చిన్న వలయం మిగులుతుందని, అదీ ఎప్పటిదాకా ఉంటుందో చెప్పలేనని అన్నాడు. మందు లేదన్నాడు. మాకు పిల్లలు లేరు. దానికి మావాళ్లంతా ఇన్నేళ్లూ జాలిపడుతూనే ఉన్నారు. ఆ రోజు ఆస్పత్రి మెట్లు దిగుతూ, పోనీలే, అదొక్కటైనా మంచికే అయింది అనుకున్నాను. అలా అనుకోవలసి వచ్చినందుకు నాకే అసహ్యం వేసింది.

ఆమెది కడప. పెళ్లయి కర్నూలు వచ్చాక పాతబస్తీలో ఒక పెళ్లికార్డుల అంగడిలో, కంప్యూటర్ మీద కార్డులు కూర్చే డీటీపీ పనికి కుదిరింది. అంగడి యజమాని ముస్లిం. వాళ్ల నాన్న కాలం నుంచి అచ్చు పనే. హిందువుల శుభలేఖలు, నిఖా కార్డులు, కర్మక్రియల కార్డులు, ఓట్ల కాలంలో కరపత్రాలు, అన్నీ అక్కడే. పల్లెల నుంచి వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర నిలబడి పేర్లు చెబుతూ ఉంటే, వాళ్ల మాట పూర్తయ్యేలోగా ఈమె వేళ్లు టైపు చేసేసేవి. ఎవరి పేరు ముందు రావాలి, ఏ మేనత్త పేరు వదిలేస్తే రేపు పందిట్లో గొడవ అవుతుంది, అన్నీ ఆమెకు తెలుసు. "కర్నూల్లో సగం పెండ్లిండ్లు నా వేళ్ల మీదనే అయినాయి బావా" అనేది. గొప్పే. ఆ గొప్ప ఆమెకు దక్కాలి. ఇంట్లో వంట సరిగ్గా రాదని మా అమ్మ దగ్గర మాటలు పడిన మనిషికి, బయట ఒక చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆమె రాకపోతే పని ఆగిపోతుందనే వాళ్లున్నారు. డాక్టర్ దగ్గర నుంచి వచ్చిన రోజు ఆమె అడిగింది ఒక్కటే.

"నేను అంగడికి పోవచ్చు గదా?"

అక్కడ ఆమె టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రాం నేను రాసిందే. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ప్రోగ్రాములు రాయడం నాకు వృత్తి కాదు, రోగం. పెళ్లయిన కొత్తలో, అంగడిలోని సాఫ్ట్‌వేర్ ఊరికే ఆగిపోతోందని ఆమె విసుక్కుంటే, నేను చేసిస్తానని గొప్పలకు పోయి మొదలుపెట్టాను. కార్డు కనిపించే పేజీ భాగం ఇంటర్నెట్‌లో ఎవరో ఉచితంగా పెట్టినది తెచ్చుకున్నాను. వెతికే బాక్సు ఇంకెవరిదో. వరుడు, వధువు, పెద్దల పేర్లు నింపే బాక్సు నా సొంతం. ఒక్కొక్కటి ఒక్కో ఏడు అతికించాను. పని నడుస్తోంది కదా అని ఊరుకున్నాను. ఊళ్లో ఇళ్లు ఇలాగే కడతారు, ఒక గది రాయితో, ఒక గది ఇటుకతో, మిద్దెకు పోవడానికి మెట్లు బయట నుంచి.

దాంతో ఏమైందంటే, అదే కీ ఒక్కో చోట ఒక్కో పని చేసేది. వెతికే బాక్సులో ఎంటర్ కొడితే బాక్సు మూసుకుని కర్సర్ పేజీలోకి పోతుంది. పేర్ల బాక్సులో ఎంటర్ కొడితే అక్కడే ఉంటుంది. పేజీలో బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. 'శ్రీ' అని కొట్టి ఒక్కసారి నొక్కితే శుభ్రం. బాక్సుల్లో అయితే ముందు గుణింతం పోతుంది, తర్వాత వత్తు పోతుంది, ఆ తర్వాత గానీ అక్షరం పోదు. ఇక కంట్రోల్ కె ఉంది. పెళ్లికార్డుల్లో చనిపోయిన పెద్దల పేర్లు కూడా వేస్తారు, పేరు ముందు కీ.శే. అని పెట్టి. ఆ రెండక్షరాలు మాటిమాటికీ కొట్టడం ఎందుకని, పేజీలో కంట్రోల్ కె నొక్కితే ఆ వరుస మొదట్లో కీ.శే. వచ్చి కూర్చునేలా చేసిపెట్టాను. పేర్ల బాక్సులో మాత్రం కంట్రోల్ కె అంటే కర్సర్ నుంచి వరుస చివరి దాకా చెరిపేయడం. రెండూ వేర్వేరు ఏళ్లలో పెట్టినవి.

కళ్లున్నన్నాళ్లూ ఇవేవీ ఆమెకు అడ్డం కాలేదు. వేరే ఆపరేటర్లు మాత్రం ఆ ఎడిటర్ ముందు రెండు రోజులు కూర్చుని దండం పెట్టి పోయేవాళ్లు. అదీ ఆమెకు గొప్పగానే ఉండేది.

చూపు వలయం చిన్నదైపోతున్న కొద్దీ తెరలో ఆమెకు కనిపించేది ఒక రూపాయి బిళ్లంత. అందులో అక్షరం తేటగానే కనిపించేది, పక్కన ఏముందో తెలిసేది కాదు. అక్షరాలు పెద్దవి చేస్తే ఆ బిళ్లలో పట్టవు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాం. అచ్చు అంగళ్లలో వాడే తెలుగు ఫాంట్లు పాతకాలానివి. పైకి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులు. శుభలేఖను అది డాలర్లు, బ్రాకెట్లు అంటూ చదివింది. ఆమె పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు వచ్చింది కోడుమూరు దగ్గరి ఒక రైతు కుటుంబం పెళ్లి. కార్డు తయారైంది, ఫోన్లో ఫోటో పంపితే వాళ్లు చూసి బాగుందన్నారు. ఆ తర్వాత ఫోన్ చేసి, పెళ్లికొడుకు తాత పేరు తర్వాత ఊరి పేరు అవసరం లేదు, పైన ఉంది కదా, తీసేయండి అన్నారు. ఆమె వెతికే బాక్సులో తాత పేరు కొట్టి, ఎంటర్ కొట్టింది. పేర్ల బాక్సులోకి వచ్చాననుకుంది. ఊరి పేరు ముందుకు కర్సర్ జరిపి, చెరిపేయడానికి కంట్రోల్ కె నొక్కింది. ఉన్నది పేజీలో. ఊరి పేరు పోలేదు, పక్కకు జరిగి ఆమె వలయంలోంచి తప్పుకుంది, పోయిందనే ఆమె అనుకుంది. వరుస మొదట్లో, ఆమె వలయానికి అందని చోట, తాత పేరు ముందు కీ.శే. వచ్చింది. వాళ్లు బాగుందన్న కార్డే కదా అని ఎవరూ మళ్లీ చూడలేదు. కార్డులు అచ్చయి, పసుపు పూసి, సగం ఊళ్లకు పంచేశారు.

నేను కాలేజీ నుంచి ఆమెను తీసుకుపోవడానికి వెళ్లేసరికి అంగడి ముందు జనం. పెళ్లికొడుకు చిన్నాన్నలు కౌంటరు మీద కార్డులు విసిరి అరుస్తున్నారు. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే ఇదేం అపశకునమని ఒకడు, అంగడి ఎట్లా నడుపుతావో చూస్తానని ఇంకొకడు. యజమాని చేతులు జోడించి నిలబడ్డాడు. వాళ్ల వెనకనే, తెల్లటి తలపాగాతో, ఆ తాత. బస్సెక్కి తనూ వచ్చాడు. నెమ్మదిగా లోపలికి వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"ఏమ్మా, నన్ను పైకి పంపిచ్చింది నువ్వేనా?"

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పంపిచ్చేముందు ఒక మాట చెప్పింటే, పెండ్లి బువ్వ తినే పోయేవాణ్ణి గదా తల్లీ" అని నవ్వాడు. కొడుకుల వైపు తిరిగి, "ఊరుకోండప్పా, ఊపిరి ఆడ్తానే ఉండాది నాకు. ఆడకూతురిని ఏడిపిచ్చేది బాగుండాదా?" అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే నయంగా ఉండేది. ఆ నవ్వుకు ఆమె తల వంచుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. యజమాని కార్డులన్నీ మళ్లీ వేసిస్తానని వాళ్లను పంపాడు. ఆ తర్వాత ఆమె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నీ కండ్ల సంగతి నాకు తెలుసమ్మా. నేనేమీ అనను. కానీ ఇంగోసారి ఇట్లయితే, ఈ బస్తీలో నాకు ఇజ్జత్ ఉండదు. నువ్వే ఆలోచన చెయ్యి" అన్నాడు. మంచివాడు కనుకే అంత మెల్లగా చెప్పాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టే ఉంది.

స్కూటర్ మీద ఇంటికి వచ్చాం. గుమ్మంలోకి వచ్చాక చెప్పులు విడుస్తూ అంది.

"బావా, యాడ కొట్టినా ఒక కీ ఒకటే పని చేసేట్లు చెయ్యలేవా? నేను యాడ ఉండానో నాకే తెలియనప్పుడు, యాడ ఉన్నా ఒకటే తీరుగా ఉంటే సాలు గదా. బతికిపోతా."

నాకు అది నిజమే అనిపించింది. అంతకంటే నిజం ఇంకోటి లేదనిపించింది. కళ్లను బాగుచేయడం నా చేతిలో లేదు. ఇది నా చేతిలో ఉంది. ఆ ఎండాకాలం సెలవులంతా దాని మీదే కూర్చున్నాను. కర్నూలు ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటు పోయినప్పుడల్లా లాప్‌టాప్ తొడల మీద కాలేది. ఒక బాక్సును సరిచేస్తే ఇంకొకటి తిరగబడేది. ఎవరో రాసిన వెతికే బాక్సు నా మాట వినదు, కీ నొక్కీ నొక్కకముందే తనే మింగేస్తుంది. దాన్ని మొత్తం పీకి పారేసి కొత్తది రాశాను. ఏ కీ నొక్కినా అది ముందు ఒకే చోటికి వచ్చి, అక్కడి నుంచి ఏ బాక్సుకైనా ఒకే ఆజ్ఞగా వెళ్లేలా మార్చాను. బ్యాక్‌స్పేస్ ఎక్కడైనా అక్షరం మొత్తాన్ని తింటుంది. ఎంటర్ ఎక్కడైనా ఉన్న చోటే ఉంచుతుంది. కంట్రోల్ కె ఎక్కడైనా చెరుపుతుంది. కీ.శే.ను దూరంగా, పై వరుసలోని ఒక కీకి పంపేశాను. చావును చేతికి అందకుండా పెట్టానని ఆమెతో హాస్యమాడాను కూడా. అప్పట్లో నాకు ఆశ ఉండేది. ఆశ ఉన్నవాడికి హాస్యం వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం యజమాని నమాజుకు వెళ్లి అంగడి మూసిన వేళ పోయి, కొత్తది ఎక్కించాను. ఆమె కూర్చుని అన్ని బాక్సుల్లోనూ కొట్టి చూసింది. "అబ్బ, అంతా ఒకటే తీరు" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. సాయంత్రం బజారుకు తీసుకుపోయి జిలేబీ తినిపించాను.

తర్వాత వారం ఆమె ఇంట్లో మాట్లాడడం తగ్గించింది. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేది. అడిగితే "ఏం లే" అనేది. యజమాని ఫోన్ చేశాడు. తప్పులు ఎక్కువయ్యాయన్నాడు. ఒక నిఖా కార్డులో పెళ్లికూతురి తండ్రి పేరు వెతికే బాక్సులో కొట్టి వదిలేసిందట, పేజీలో ఆ చోటు ఖాళీగా ఉందట. ఇంకో కార్డులో ముహూర్తం వరుస పేర్ల బాక్సులోకి పోయిందట. కార్డులు అచ్చుకు పోకముందే తనే పట్టుకున్నానని, ముందు ఇలా ఉండేది కాదని అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నా ప్రోగ్రాంలో తప్పు లేదు, అన్నీ పరీక్షించాను అని ఫోన్లోనే గట్టిగా అన్నాను. అయినా మనసు ఆగక, కాలేజీకి సెలవు పెట్టి వెళ్లి ఆమె వెనకాల స్టూలు వేసుకుని కూర్చున్నాను.

ఆమె పని మొదలుపెట్టేముందు 'శ్రీ' అని కొట్టింది. బ్యాక్‌స్పేస్ నొక్కింది. 'శ్రీ' పోయింది. చేతులు ఆగిపోయాయి. మళ్లీ 'శ్రీ' అని కొట్టి, మళ్లీ చెరిపింది. ముఖం తెరకు దగ్గరగా పెట్టి, ఇంకోసారి.

"ఏం చేస్తాండావు మే?" అన్నాను.

"తెలీదు" అంది. కొంచెం సేపు తన వేళ్లనే చూసుకుంది, కనిపించినంత మేర. తర్వాత, తనకే అప్పుడే తెలుస్తున్నట్టు, మెల్లగా చెప్పింది. "ముందు... శ్రీ కొట్టి చెరిపేదాన్ని బావా. ఒకేసారి పోతే పేజీలో ఉండా. గుడిదీర్ఘం ఒకటే పోయి 'శ్ర' మిగిలితే బాక్సులో ఉండా. అట్ల తెలుస్తాండె నాకు. నేను అట్ల చేస్తాండానని నాకే తెలీదు. చెయ్యే చేస్తాండె. తాత కార్డు నాడు తొందర్లో చెయ్యలేదేమో. ఇప్పుడు యాడ కొట్టినా మొత్తం పోతాండాది. యాడ ఉండానో ఎట్ల తెలియల్ల?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. ఆ రూపాయి బిళ్లంత వలయంలో, ఒక అక్షరం ఎలా పోతుందో చూసి, ఆమె తెర మొత్తాన్ని పట్టుకుని నడుస్తూ వచ్చింది. దాన్ని నేను శ్రద్ధగా, ఒక్కటి కూడా మిగలకుండా, సెలవులన్నీ ధారపోసి చెరిపేశాను. ఆమె కోరింది, నేను చేశాను. ఇద్దరికీ తెలియలేదు. ఎవరి మీద అరవను?

ఆ తర్వాత చేసినవన్నీ చెప్పుకోవడానికి కూడా సిగ్గు. బాక్సు చుట్టూ ఎర్రటి అంచు గీశాను. అంచు దాకా ఆమె చూపు పోదు. బాక్సు తెరుచుకుంటే ఒక మోత వచ్చేలా చేశాను. అంగడిలో పేపరు కత్తిరించే మిషను మోతలో అది వినిపించదు. ఇయర్‌ఫోన్ పెట్టుకోమన్నాను, పెట్టుకుంటే కౌంటరు దగ్గర పేర్లు చెప్పేవాళ్ల మాట వినిపించదు. పేర్లు వినడమే ఆమె సగం పని. చివరికి, పాతదే మళ్లీ పెడతాను అన్నాను. "మళ్లా కీ.శే. పడితే?" అంది. కీ.శే. వద్దు, బ్యాక్‌స్పేస్ ఒక్కటే పాత తీరుగా చేస్తానన్నాను. చేశాను. కూర్చుంది. 'శ్రీ' కొట్టింది, చెరిపింది. 'శ్ర' మిగిలింది. బాక్సు అనుకోవాలి. కానీ ఆమె అలాగే ఉండిపోయింది.

"ఇది పాత తీరా, కొత్త తీరా?" అని అడిగింది.

పాతదే అని చెప్పాను. నమ్మినట్టు తల ఊపింది. వేళ్లు మాత్రం నమ్మలేదు. ప్రతి వరుసకూ ఆగి, చెరిపి, మళ్లీ కొట్టి, మళ్లీ ఆగి. ఒక్క కార్డుకు పూట పట్టింది. ఒకప్పుడు మాట పూర్తయ్యేలోగా పేరు కొట్టిన మనిషి. కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లు పొద్దు పోతోందని గొణుగుతుంటే, ఆమె చెవుల చివరలు ఎర్రబడడం వెనక నుంచి చూస్తూ కూర్చున్నాను. నాకు తెలిసిన ఏ భాషలోనూ దానికి ప్రోగ్రాం లేదు.

జ్వరం వచ్చిందని నాలుగు రోజులు అంగడికి పోలేదు. జ్వరం లేదని నాకు తెలుసు, యజమానికీ తెలుసు. పని ఆగకూడదని ఆయన అంతవరకు ఒక అమ్మాయిని కూర్చోబెట్టుకున్నాడు. ఆ అమ్మాయికి పాత తీరు అయోమయంగా ఉందని ఆయన ఫోన్ చేసి, అన్నీ ఒకే తీరుగా ఉన్నదే వేసివ్వమని అడిగాడు. అన్నం తింటూ ఆ సంగతి చెబితే, "ఏసియ్యి బావా, పాపం పని ఆగిపోతాది" అంది. వెళ్లి వేసివచ్చాను.

ఆదివారం పొద్దున ఆమె తనే బయలుదేరింది, నన్ను కూడా రమ్మంది. నా చెయ్యి పట్టుకుని అంగడి మెట్లెక్కింది. ఆమె కుర్చీలో ఆ అమ్మాయి ఉంది. లేవబోయింది. యజమాని ముఖంలో ఇబ్బంది కనిపించింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి నా వైపు తిరిగాడు.

"సార్, మీ సాఫ్ట్‌వేర్ శానా బాగుండాది సార్. ముందు ఎవుర్ని కూసోబెట్టినా పారిపోతాండ్రి. ఈ పాప ఒక్క రోజులో నేర్చుకునింది. అన్నీ ఒకటే తీరు గదా, చెప్పాల్సిన పనే లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు ఆ మాట ఎక్కడ తగిలిందో ఆయనకు తెలియలేదు. ఇన్నేళ్లుగా ఆమె లేకపోతే ఆ అంగడి నడవకపోవడానికి కారణం నేను సరిగ్గా చేయని పని. దాన్ని నేను సరిచేశాను. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు.

అమ్మాయి టైపు చేస్తోంది. ఆగకుండా, వెనక్కి చూడకుండా. నా భార్య కాసేపు నిలబడి ఆ చప్పుడు విన్నది. తర్వాత చెయ్యి చాపి, నా భుజం ఎక్కడుందో వెతుక్కుని, దాని మీద వేసింది.

"బాగా చేసినావు బావా" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నేను చేసిన పని బాగుందనే ఆమె అంటోంది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు ఎక్కడుందో ఆమెకు చెప్పడం మరిచిపోయాను, ఆమే కాలితో తడుముకుని దిగింది.